72 గంటల మాత్ర ఒంట్లో ఏం చేస్తుంది?

రక్షణ లేని కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే మాత్ర ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటి పేర్లతో మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని అందరూ 72 గంటల మాత్ర అంటారు. ఆ అంకె చాలామందికి తప్పుడు ధైర్యం ఇస్తోంది. శనివారం రాత్రి కండోమ్ చిరిగింది అనుకోండి. మూడు రోజుల టైమ్ ఉంది కదా అని, వీధి చివర షాపువాడికి మనం తెలుసు కదా అని ఆదివారం ఆగిపోతారు. సోమవారం ఆఫీసుకి వెళ్లే దారిలో, ఎవరూ గుర్తుపట్టని చోట కొనుక్కుంటారు. అలా పోయిన ముప్పై, నలభై గంటల్లోనే మాత్ర పనిచేసే అవకాశం చేజారిపోవచ్చు.

ఈ మాత్ర గురించి అపోహలు ఎన్నో ఉన్నాయి. కొందరు దీన్ని కడుపు పోగొట్టే మాత్ర అనుకుంటారు. కొందరు ఒక్కసారి వేసుకుంటే ఇక పిల్లలు పుట్టరని భయపడతారు. మరికొందరు ప్రతి వారం వేసుకుంటూ, ఏ గొడవా లేదని నమ్ముతారు. ఇది ఒంట్లోకి వెళ్లాక చేసే పని ఒకటే. ఆ ఒక్కటి అర్థమైతే ఎప్పుడు వేసుకోవాలో, ఎందుకు ఫెయిల్ అవుతుందో, నెలసరి ఎందుకు అటూ ఇటూ అవుతుందో అన్నీ తెలిసిపోతాయి.

కలయికకీ గర్భానికీ మధ్య ఉన్న ఖాళీ

కలయిక జరిగిన గంటలోనే గర్భం వచ్చేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగడం అరుదు. నెలకు ఒకసారి, తర్వాతి నెలసరికి సుమారు రెండు వారాల ముందు, అండాశయం నుంచి ఒక అండం విడుదలవుతుంది. అది బతికేది 12 నుంచి 24 గంటలే. శుక్రకణాలు మాత్రం ఆడవారి శరీరంలో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అందువల్ల గర్భం వచ్చే అవకాశం అండం విడుదలకు ముందు ఐదు రోజులూ, విడుదలైన రోజూ ఉంటుంది. చాలా గర్భాల్లో జరిగేది ఇదే: శుక్రకణాలు ముందే వచ్చి ఉంటాయి, అండం ఒకటి రెండు రోజుల తర్వాత వస్తుంది.

మాత్రకు దొరికే సమయం ఆ ఒకటి రెండు రోజులే. ఇందులో ఉన్న మందు పేరు లెవోనార్జెస్ట్రెల్, మోతాదు 1.5 మిల్లీగ్రాములు. అండం విడుదల కావాలంటే ముందుగా మెదడు కింద ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఎగసిరావాలి. అలా ఎగసిన దాదాపు ఒకటిన్నర రోజుకు అండం బయటికొస్తుంది. మాత్ర ఆ హార్మోన్ ఎగసిపడకుండా ఆపుతుంది, లేదా కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. అండం ఆలస్యమవుతుంది. ఈలోగా లోపలున్న శుక్రకణాలు చచ్చిపోతాయి.

హార్మోన్ ఎగసిపడటం మొదలయ్యాక వేసుకుంటే ఈ మాత్ర దాదాపుగా ఏమీ చేయలేదు. రైలు కదిలాక సిగ్నల్ ఎర్రగా మార్చినా లాభం లేనట్టే. ఆ క్షణం ఎప్పుడు వస్తుందో బయటికి తెలియదు. అది ఇవాళ సాయంత్రం కావచ్చు, ఎల్లుండి కావచ్చు, ఈ నెలకు అయిపోయి ఉండనూ వచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిదని డాక్టర్లు అంత గట్టిగా చెప్పేది ఇందుకే. కలయికకూ మాత్రకూ మధ్య గడిచే ప్రతి గంటలో ఆ హార్మోన్ మొదలైపోయే అవకాశం పెరుగుతూ ఉంటుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగి 1998లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం లెక్కలు ఇప్పటికీ అందరూ చెబుతారు. 24 గంటల లోపు వేసుకున్నవారిలో, రావాల్సిన గర్భాల్లో 95 శాతం ఆగిపోయాయి. 25 నుంచి 48 గంటల మధ్య వేసుకుంటే 85 శాతం, 49 నుంచి 72 గంటల మధ్య అయితే 58 శాతం. ఈ శాతాలను చదివేటప్పుడు ఒక జాగ్రత్త కావాలి. 95 శాతం అంటే వందమందిలో ఐదుగురికి గర్భం వచ్చిందని కాదు. నెల మధ్యలో ఒకసారి రక్షణ లేకుండా కలిసిన వందమందిలో ఎలాగూ సుమారు ఎనిమిది మందికే గర్భం వస్తుంది. వాళ్లందరూ మాత్ర వేసుకుంటే అది ఒకరికో ఇద్దరికో తగ్గుతుంది. తర్వాత జరిగిన పరిశోధనల్లో ఈ మెట్లు ఇంత స్పష్టంగా కనపడలేదు, నాలుగో రోజున కూడా కొంత ఫలితం కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఐదు రోజుల దాకా వాడవచ్చనే చెబుతుంది. కాబట్టి 73వ గంట రాగానే ఆశ వదిలేయక్కర్లేదు. అలాగని మొదటి రోజును వృథా చేయడానికి అది కారణం కాకూడదు.

ఇక్కడే ఇంకో పొరపాటు గురించి చెప్పాలి. తేదీలు లెక్కేసుకుని "ఇది సేఫ్ పీరియడ్‌లే" అని మాత్ర మానేస్తుంటారు. జ్వరం వచ్చినా, పరీక్షల టెన్షన్ ఉన్నా, నిద్ర సరిగా లేకపోయినా అండం విడుదలయ్యే రోజు మారిపోవచ్చు. నెలసరి సరిగా రానివాళ్లకైతే ఆ లెక్కే పనికిరాదు. గర్భం వద్దనుకున్నప్పుడు తేదీ ఏదైనా మాత్ర వేసుకోవడమే మంచిది.

ఇది అబార్షన్ మాత్ర కాదు

అబార్షన్‌కు వాడే మందులు వేరు. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే రెండు మందులను డాక్టర్ పర్యవేక్షణలో, తొమ్మిది వారాల లోపు గర్భానికి వాడతారు. 72 గంటల మాత్ర అప్పటికే నిలబడిన గర్భాన్ని తీసేయలేదు. అందుకే నెలసరి పది రోజులు ఆలస్యమయ్యాక ఈ మాత్ర వేసుకుంటే డబ్బు దండగ. ఒకవేళ గర్భం ఉన్న సంగతి తెలియక వేసుకున్నా తల్లికీ బిడ్డకీ హాని జరిగినట్టు ఆధారాలు లేవు. అమెరికాలో ఈ మాత్ర మీద ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చివరికి 2022 డిసెంబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇది గర్భాన్ని తొలగించదని స్పష్టం చేస్తూ పెట్టె లోపలి సమాచారాన్ని మార్పించింది.

ఈ తేడా తెలియకపోతే ప్రాణం మీదికి వస్తుంది. నెల తప్పిందని షాపులో చెబితే, ఏ పరీక్షా లేకుండా అబార్షన్ కిట్ చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. గర్భం గర్భాశయంలో కాకుండా, అండం వచ్చే ట్యూబులో ఉంటే ఆ కిట్ పనిచేయదు, ట్యూబు పగిలి లోపల రక్తస్రావం కావచ్చు. 72 గంటల మాత్ర ఫెయిల్ అయి గర్భం వస్తే దారి చట్టబద్ధంగానే ఉంది. 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకూ ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. గర్భనిరోధకం ఫెయిల్ కావడం అందులో ఒప్పుకున్న కారణమే. పెళ్లి కాలేదన్న కారణంతో ఈ హక్కును తగ్గించడం కుదరదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఈ సంగతి తెలియక ఎంతోమంది ఆడపిల్లలు నాటు వైద్యుల చేతుల్లో పడుతున్నారు, అదే నాకు అన్నిటికంటే బాధ.

వేసుకునే విధానం

ఇప్పుడు దొరికేది ఎక్కువగా 1.5 మిల్లీగ్రాముల ఒకే మాత్ర. నీళ్లతో మింగితే చాలు. తిన్న తర్వాత వేసుకుంటే వికారం కాస్త తక్కువగా ఉంటుంది. కానీ భోజనం కోసం గంటలు ఆగకండి, రెండు బిస్కెట్లు తిని వేసుకోండి. 0.75 మిల్లీగ్రాముల మాత్రలు రెండు ఉన్న పాత రకం పెట్టె దొరికితే రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. ముందుగా స్కానింగ్ గానీ రక్తపరీక్ష గానీ అక్కర్లేదు. పెట్టె మీద గడువు తేదీ మాత్రం చూసుకోండి.

మాత్ర వేసుకున్న రెండు గంటల లోపు వాంతి అయితే మందు ఒంటికి పట్టలేదనే అనుకోవాలి. వెంటనే ఇంకో మాత్ర వేసుకోవాలి. ఆ తర్వాత అయితే భయం లేదు. తలనొప్పి, కళ్లు తిరిగినట్టు ఉండటం, రొమ్ముల్లో నొప్పి, నీరసం ఒకటి రెండు రోజులు ఉండి తగ్గిపోతాయి.

అందరికీ ఒకే మోతాదు సరిపోదన్న విషయం మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పరు. టీబీకి వాడే రిఫాంపిసిన్, ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటాల్, హెచ్‌ఐవీకి వాడే ఎఫావిరెంజ్ లాంటి మందులు కాలేయాన్ని చురుకుచేసి, ఈ మాత్రలోని హార్మోన్ త్వరగా కరిగిపోయేలా చేస్తాయి. ఆ మందులు ఆపి నాలుగు వారాలు కాకపోయినా ఇదే సమస్య. టీబీ, ఫిట్స్ మందులు వాడుతున్న పడుచువాళ్లు మన ఊళ్లలో ఎంతమందో ఉన్నారు. వాళ్లకు మాత్ర కంటే, గర్భాశయంలో అమర్చే కాపర్ టీ నమ్మకమైన దారి. అది కుదరకపోతే డాక్టర్‌ని అడిగి రెట్టింపు మోతాదు వేసుకోవాలి. బరువు 70 కిలోలు దాటినవాళ్లలో, బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) 26 దాటినవాళ్లలో కూడా ఈ మాత్ర ప్రభావం తగ్గవచ్చు. బ్రిటన్‌లో డాక్టర్లు వాళ్లకూ వేరే మందు గానీ రెట్టింపు మోతాదు గానీ సూచిస్తారు.

బీపీ, షుగర్, మైగ్రేన్ ఉన్నాయని భయపడక్కర్లేదు. రోజూ వేసుకునే మాత్రల విషయంలో ఉండే జాగ్రత్తలు ఒక్క మోతాదుకు వర్తించవు. పాలిచ్చే తల్లులు కూడా వేసుకోవచ్చు.

మాత్ర వేసుకున్న తర్వాత

అండం విడుదల వెనక్కి జరిగిందంటే అది ఇంకా రావాల్సే ఉందని అర్థం. మాత్ర వేసుకున్నాం కదా అని రెండు రోజుల తర్వాత మళ్లీ రక్షణ లేకుండా కలిస్తే, వెనక్కి జరిగిన అండం సరిగ్గా అప్పుడే రావచ్చు. మాత్ర జరిగిపోయిన కలయికకే పనిచేస్తుంది, రాబోయేదానికి పనిచేయదు. ఆ నెలంతా కండోమ్ తప్పనిసరి. మాత్ర వేసుకున్నా గర్భం వచ్చిందని చెప్పేవాళ్లలో కొందరి విషయంలో జరిగింది ఇదే. సుఖవ్యాధుల నుంచి, హెచ్‌ఐవీ నుంచి ఈ మాత్ర కాపాడదు.

నెలసరి ఒక వారం ముందైనా రావచ్చు, వారం ఆలస్యంగానైనా రావచ్చు. మధ్యలో కొద్దిగా రక్తం కనపడవచ్చు. ఆ చుక్కలను నెలసరి అనుకుని ఊపిరి పీల్చుకోకండి. రావాల్సిన తేదీ దాటి వారం గడిచినా, మాత్ర వేసుకుని మూడు వారాలైనా నెలసరి రాకపోతే యూరిన్ టెస్ట్ చేసుకోవాలి. నెలసరి తప్పి, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి ఉంటే, కళ్లు తిరిగి పడిపోతుంటే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

పిల్లలు పుట్టరేమోనన్న భయానికి ఆధారం లేదు. మందు కొద్ది రోజుల్లో ఒంట్లోంచి వెళ్లిపోతుంది, గర్భం వచ్చే శక్తి అదే నెలలో ఉంటుంది. ఇంకో మాటా నిజమే: దీన్ని తరచూ వాడటం మంచి పద్ధతి కాదు. గర్భం రాకుండా రోజూ వేసుకోవడానికి ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలోనూ ఇదే హార్మోన్ ఉంటుంది, ఒక్కో మాత్రలో 0.15 మిల్లీగ్రాములు. అంటే ఒక 72 గంటల మాత్ర పది మాలా-ఎన్ మాత్రల హార్మోన్‌ను ఒక్కసారిగా ఇస్తుంది. అవసరమైతే అదే నెలలో రెండోసారి వేసుకున్నా ప్రాణాపాయం లేదు. కానీ నెలసరి లెక్క తప్పుతుంది. పైగా రోజూ వాడే ఏ పద్ధతితో పోల్చినా దీని రక్షణ తక్కువ.

కాపర్ టీ సంగతి ఎవరూ చెప్పరు

అత్యవసర గర్భనిరోధకాల్లో అన్నిటికంటే గట్టిది మాత్ర కాదు, కాపర్ టీ. కలయిక జరిగిన ఐదు రోజుల లోపు వేయించుకుంటే 99 శాతానికి పైగా గర్భం రాదు. అందులోని రాగి శుక్రకణాలను పనికిరాకుండా చేస్తుంది. బరువుతో గానీ, టీబీ మందులతో గానీ దానికి సంబంధం లేదు. 380ఏ రకం అయితే పదేళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. శిక్షణ ఉన్న డాక్టర్ లేదా నర్సు వేయాలి, గర్భాశయంలో ఇన్ఫెక్షన్ ఉంటే వేయరు. ఐదు రోజుల లోపు వెళ్లగలిగిన స్త్రీకి, కొన్నేళ్లు పిల్లలు వద్దనుకునే స్త్రీకి ఇంతకంటే మంచి దారి లేదని నా అభిప్రాయం. మెడికల్ షాపులో దీని గురించి చెప్పేవాళ్లు ఉండరు, మనమే అడగాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు యులిప్రిస్టాల్ అనే ఇంకో మాత్ర కూడా దొరుకుతుంది. అది 120 గంటల దాకా బాగా పనిచేస్తుంది. ఎల్‌హెచ్ హార్మోన్ పెరగడం మొదలయ్యాక కూడా, తారస్థాయికి చేరకముందు అయితే అండాన్ని ఆపగలదు. యూరప్‌లో చాలా దేశాల్లో 2015 నుంచి చీటీ లేకుండా ఇస్తున్నారు, అమెరికాలో చీటీ కావాలి. అది వేసుకున్నాక రోజువారీ హార్మోన్ మాత్రలు మొదలుపెట్టడానికి ఐదు రోజులు ఆగాలి. లెవోనార్జెస్ట్రెల్ అయితే అమెరికాలో 2013 నుంచి ఏ వయసువారికైనా చీటీ లేకుండా దొరుకుతోంది. చదువుకోసం వెళ్లిన పిల్లలకు ఇది తెలిసి ఉండటం మంచిది.

షాపులో అడగడానికి మొహమాటం ఎందుకు

మన దేశంలో 2005 నుంచి ఈ మాత్రకు డాక్టర్ చీటీ అక్కర్లేదు. పెళ్లయిందా అని అడిగే హక్కు షాపువాడికి లేదు. ధర వంద రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. అంత పెట్టలేనివాళ్లకు ఆశా కార్యకర్త దగ్గర ఈజీ పిల్ పేరుతో ఇదే మందు రెండు రూపాయలకే ఇచ్చే పథకం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా అడగవచ్చు. మగవాళ్లూ కొనవచ్చు, కొనాలి కూడా. కొనే ముందు ఆమె ఇప్పుడు ఏ మందులు వాడుతోందో ఆమెనే అడిగి తెలుసుకోవాలి. చెన్నైలో ఉండే తెలుగువాళ్లకు ఒక మాట: తమిళనాడులో చాలా షాపులు ఈ మాత్ర పెట్టవు. అక్కడ షాపుల చుట్టూ తిరిగి టైమ్ పోగొట్టుకోకుండా నేరుగా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లడం మేలు.

అత్యాచారానికి గురైన స్త్రీకి ఈ మాత్ర ఇవ్వడం చికిత్సలో భాగం. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే, ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అనే చట్టంలోని 397వ సెక్షన్ చెబుతోంది. ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మని చికిత్స ఆపడానికి వీల్లేదు. సాయం కోసం 181కి గానీ 112కి గానీ ఫోన్ చేయవచ్చు.

రేపటి నుంచి ఏం చేయాలి

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. తాత్కాలిక పద్ధతులు వాడేవాళ్లు చాలా కొద్దిమంది. పెళ్లి నుంచి ఆపరేషన్ దాకా ఉన్న కాలంలో ఏం వాడాలో ఇంట్లో అత్తా చెప్పదు, అమ్మా చెప్పదు. ఆ ఖాళీలోకే 72 గంటల మాత్ర వచ్చి కూర్చుంది. ఆపదలో పనికొచ్చే మందును అలవాటు చేసుకుంటున్న అమ్మాయిలను తిట్టి లాభం లేదు, వాళ్లకు వేరే దారి చూపించినవాళ్లు లేరు.

లెవోనార్జెస్ట్రెల్ మాత్ర వేసుకున్న మర్నాటి నుంచే మాలా-ఎన్ మొదలుపెట్టవచ్చు, మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. హార్మోన్ వద్దనుకుంటే ఛాయ అనే మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన మందు అది, మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకసారి వేసుకోవాలి. మూడు నెలలకొకసారి చేయించుకునే అంతర ఇంజక్షన్ ఉంది. ఈ చివరి రెండూ మొదలుపెట్టే ముందు గర్భం లేదని డాక్టర్‌తోనో ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎంతోనో నిర్ధారించుకోవాలి. ఇవన్నీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో డబ్బు తీసుకోకుండా ఇస్తారు. మూడు నెలల్లో రెండుసార్లు 72 గంటల మాత్ర కొనాల్సి వచ్చిందంటే, మూడోసారి షాపుకి వెళ్లే ముందు ఏఎన్ఎంని కలిసి వీటిలో ఏది మీకు సరిపోతుందో అడగండి.